రిలేషన్ అంటే చుట్టరికం కాదు

పోయిన నెల ఈ శీర్షిక చివర ఒక చిన్న విన్నపం పెట్టాను: డేటాబేస్ పనిలో మిమ్మల్ని బాగా సతాయించిన మాట ఒక్కటి రాసి పంపండి అని. వచ్చినవి చదువుతుంటే నవ్వొచ్చింది, కాస్త ఊరట కూడా కలిగింది. 1998లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్లో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నప్పుడు నన్ను తిప్పలు పెట్టిన మాటలే దాదాపు అన్నీ. అప్పట్లో నా బుర్రే మందం అనుకునేదాన్ని. ఇన్నేళ్లు ఈ పని మీదే బతికాక తెలిసిందేమంటే, తప్పు సగం మాటలదే. పుస్తకం ఒక అర్థంలో వాడిన మాటను సాఫ్ట్‌వేర్ ఇంకో అర్థంలో వాడుతుంది, ఆఫీసులో పక్క సీటాయన మూడో అర్థంలో వాడతాడు. ముగ్గురూ తమదే అసలు అర్థం అన్నట్టు మాట్లాడతారు. కాబట్టి ఏ మాట వచ్చినా, ఇది ఎవరి నోట వచ్చిందని ముందు అడుగుదాం.

అక్కా, నేను బీటెక్ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం పోస్ట్‌గ్రెస్‌లో రైతుల వివరాలకు ‘ఫార్మర్స్’ అని ఒక టేబుల్ చేశాను. క్వెరీ కొడితే ‘రిలేషన్ ఫార్మర్స్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఎర్రర్. రెండు టేబుళ్ల మధ్య ఫారిన్ కీ పెట్టలేదని కాబోలు అనుకొని అదీ పెట్టాను. అయినా పోలేదు. రిలేషన్ అంటే సంబంధమే కదా?
— ఒక విద్యార్థి, కాజీపేట

కాదు తమ్ముడూ. ఇక్కడ రిలేషన్ అంటే టేబులే. ‘నువ్వు చెప్పిన పేరుతో టేబుల్ కనబడలేదు’ అంటోంది, అంతే. ఫారిన్ కీ అంటే పక్క టేబుల్‌ను చూపించే కాలమ్, దానికీ ఈ ఎర్రర్‌కూ ఏ సంబంధమూ లేదు.

ముందు పని కానిద్దాం, కథ తర్వాత. నువ్వు టేబుల్‌ను పీజీఅడ్మిన్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను తెర మీద నడిపే సాఫ్ట్‌వేర్‌లో, మౌస్‌తో చేసి ఉంటావు. పేరు కొట్టేటప్పుడు మొదటి అక్షరం పెద్ద ఎఫ్ పడి ఉంటుంది. పీజీఅడ్మిన్ ఆ పేరుకు డబుల్ కోట్స్ తగిలించి ఉన్నదున్నట్టు దాస్తుంది. నువ్వేమో క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, కోట్స్ లేకుండా రాశావు. కోట్స్ లేకపోతే నువ్వు పెద్ద ఎఫ్ కొట్టినా సరే, పోస్ట్‌గ్రెస్ పేరంతా చిన్న అక్షరాల్లోకి మార్చుకొని వెతుకుతుంది. చిన్న ఎఫ్‌తో టేబుల్ లేదు కాబట్టి లేదంటుంది. క్వెరీలో కోట్స్ పెట్టు, లేదంటే టేబుల్ పేరునే మొత్తం చిన్న అక్షరాలకు మార్చు. నేనైతే పేరే మారుస్తాను. కోట్స్ ఒకసారి మొదలుపెడితే ప్రాజెక్టు అయ్యేదాకా ప్రతి క్వెరీలో కొట్టుకుంటూ కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే టేబుల్ వేరే స్కీమాలోనో, వేరే డేటాబేస్‌లోనో పడి ఉంటుంది. ఆ గొడవ కింది ఉత్తరంలో ఉంది, చదువు.

ఇప్పుడు కథ. ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఐబీఎం శాన్ హొసే ప్రయోగశాలలో పనిచేస్తూ 1970 జూన్‌లో ఒక వ్యాసం అచ్చువేశాడు. రిలేషనల్ అనే మాట అక్కడి నుంచే ఈ రంగంలోకి వచ్చింది. ఆయన దాన్ని తెచ్చుకున్నది గణితం నుంచి. బడిలో సమితులు, సంబంధాలు, ప్రమేయాలు అని చదివి మర్చిపోయామే, ఆ ‘సంబంధం’ అది. నీ టేబుల్లోంచి ఒక వరుస తీసి చూడు: ఫలానా రైతు, నెక్కొండ, మిర్చి, 3 ఎకరాలు. ఈ నాలుగూ ఊరికే పక్కపక్కన కూర్చోలేదు. ఈ రైతు ఈ ఊళ్లో ఈ పంట ఇన్ని ఎకరాల్లో వేశాడు అనే ఒక నిజం వాటిని కలిపి కట్టింది. అలాంటి వరుసలన్నీ కలిస్తే ఒక రిలేషన్. అంటే సంబంధం ఉన్న మాట నిజమే, కానీ అది ఒక వరుసలోని విలువల మధ్య. రెండు టేబుళ్ల మధ్య కాదు.

టేబుళ్ల మధ్య గీత గీసి చూపించే దాన్ని రిలేషన్‌షిప్ అంటారు. ఆ మాటను అందరి నోళ్లలో పడేసింది పీటర్ చెన్, 1976లో, ఎంటిటీ-రిలేషన్‌షిప్ మోడల్‌తో. మీరు పరీక్షల్లో డబ్బాలు, డైమండ్లు గీస్తారే, ఆ బొమ్మలు ఆయన పుణ్యమే. తర్వాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రిలేషన్‌షిప్స్ అనే కిటికీ వచ్చింది, ఆఫీసుల్లో దాన్ని కురచ చేసి ‘రిలేషన్ పెట్టావా?’ అనడం మొదలుపెట్టారు. ఇంకో తమాషా, కాడ్ తన మొదటి వ్యాసంలోనే రిలేషన్‌షిప్ అనే మాట కూడా వాడాడు, అదీ మూడో అర్థంలో. గణితంలో రిలేషన్‌కు కాలమ్‌ల వరుసక్రమం ముఖ్యం. వాడేవాళ్లకు క్రమం కాదు, కాలమ్ పేరు ముఖ్యం. కాబట్టి క్రమం పట్టింపు లేని రిలేషన్‌ను రిలేషన్‌షిప్ అందాం అన్నాడు. ఆ వాడుక నిలవలేదు. గందరగోళం పుట్టుకతోనే వచ్చిందన్నమాట, దానికి నువ్వేం చేస్తావు.

తెలుగులో అయితే రెండింటికీ సంబంధం అనే రాస్తారు. ఆ మాట వినగానే మన దగ్గర పెళ్లి సంబంధం గుర్తొస్తుంది గానీ సమితులు గుర్తుకు రావు. నన్నడిగితే తెలుగులో చెప్పేటప్పుడు కూడా రిలేషన్‌కు టేబుల్ అనేస్తే హాయి. డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని ప్రమాణం కూడా టేబుల్ అనే అంటుంది. పరీక్షలో మాత్రం ఒక వాక్యం కలుపు: రిలేషన్‌లో ఒకే వరుస రెండుసార్లు ఉండకూడదు, ఎస్‌క్యూఎల్ టేబుల్లో ఉండొచ్చు.

మేడమ్, మా కాలేజీలో స్కీమా అంటే డిజైన్ అని చెప్పారు. ఇప్పుడు పనిచేసే చోట ఒకాయన స్కీమా అంటే డేటాబేస్ అంటాడు, ఇంకొకాయన యూజర్ అంటాడు. ఎవరిని నమ్మాలి?
— ఒక చిరుద్యోగి, నర్సంపేట

ముగ్గురినీ నమ్మండి, కానీ ముగ్గురి ముందూ ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చూసి నమ్మండి. ఈ మాటతో నాకు పాత బాకీ ఒకటుంది, ముందు అది చెప్పుకోనివ్వండి.

2011 మార్చి. ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఒక అడ్తి దుకాణంలో కంప్యూటర్ పని చూసేదాన్ని. మిర్చి సీజన్, ఊపిరాడదు, ఘాటుకూ పనికీ కూడా. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కుర్రాడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ‘మేడమ్, కొత్త స్కీమా మెయిల్ చేశాను, పాత స్కీమా తీసెయ్యండి’ అన్నాడు. ఆయన ఉద్దేశం ఫోల్డర్లో పడి ఉన్న పాత టేబుళ్ల బొమ్మ ఫైలు. మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, దాన్ని తెర మీద చూపించే వర్క్‌బెంచ్ తెరిచాను. ఎడమ పక్కన పైన ‘స్కీమాస్’ అని శీర్షిక, దాని కింద మా దుకాణం పేరుతో ఒకటి. రైట్ క్లిక్ చేస్తే ‘డ్రాప్ స్కీమా’ కనబడింది. ఆహా, ఇదే అనుకున్నాను. పుస్తకంలో చదివింది నాకు కంఠతా వచ్చు: స్కీమా అంటే నమూనా, ఇన్‌స్టాన్స్ అంటే ఆ క్షణాన అందులో ఉన్న డేటా. నమూనా తీసి కొత్తది పెడితే డేటాకేమవుతుంది? ‘డ్రాప్ నౌ’ నొక్కాను.

రెప్పపాటు కూడా పట్టలేదు. రెండు నిమిషాలకు గుమాస్తా వచ్చి, ‘మేడమ్, బిల్లు ఎక్కుతలేదు’ అన్నాడు. అప్పుడు చూస్తే ఎడమ పక్కన స్కీమాస్ కింద ఖాళీ. మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా, డేటాబేస్ రెండూ ఒకదానికొకటి మారుపేర్లని నాకు తెలిసిన రోజు అది. చేసిన మార్పును వెనక్కి తెచ్చే రోల్‌బ్యాక్ కొట్టాను. మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ అంటే అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది, వెనక్కి రాదు. దేవుడి దయ వల్ల అంతకుముందు రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. పోయింది ఆ ఉదయం ఎక్కించినవే. తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) నకళ్లు ముందేసుకొని గుమాస్తా చదువుతుంటే నేను కొట్టాను: ‘తేజ, 14 బస్తాలు, 5 క్వింటాళ్ల 60 కిలోలు...’ మధ్యమధ్య ఇద్దరం తుమ్ములు. రాత్రి తొమ్మిదయింది. యజమాని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

సరే, అసలు విషయం. మైఎస్‌క్యూఎల్ మనిషి స్కీమా అంటే డేటాబేస్ అనే అర్థం చేసుకోండి. ఒరాకిల్‌లో ఒక యూజర్‌ను సృష్టిస్తే అదే పేరుతో ఒక స్కీమా వస్తుంది, ఆ యూజర్ సొంతమైన టేబుళ్లన్నీ అందులో ఉంటాయి. అందుకే ఒరాకిల్ వాళ్లు యూజర్ అన్నా స్కీమా అన్నా ఒకటే అన్నట్టు మాట్లాడతారు. ఒరాకిల్‌లో ‘క్రియేట్ స్కీమా’ అనే ఆదేశం ఉంది గానీ అది స్కీమాను సృష్టించదు! ఉన్న స్కీమాలో కొన్ని టేబుళ్లు, వ్యూలు, అనుమతులు ఒకే దెబ్బకు చేస్తుంది. ఇంతకంటే మనల్ని ఎక్కిరించే పేరు ఇంకోటి ఉంటుందా?

పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం డేటాబేస్ ఒక ఇల్లు, స్కీమాలు అందులో గదులు. మొదట ‘పబ్లిక్’ అనే గది తెరిచి ఉంటుంది. ఒక గదిలోని టేబుల్‌ను ఇంకో గదిలోని టేబుల్‌తో జాయిన్ చేయొచ్చు. వేరే ఇంట్లోదాన్ని మామూలు క్వెరీతో నేరుగా అందుకోలేరు. మైఎస్‌క్యూఎల్‌లో అయితే అనుమతి ఉంటే చాలు, ఒక డేటాబేస్‌లోంచి ఇంకో డేటాబేస్ టేబుల్‌ను హాయిగా జాయిన్ చేస్తారు. అంటే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పేరుకు ఇల్లు, పనికి గది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ఆఫీసుల్లో సగం తలనొప్పి ఇక్కడే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా గదుల పద్ధతే, 2005 వెర్షన్‌కు ముందు గదికీ యూజర్‌కూ ముడి ఉండేది, ఆ వెర్షన్‌లో విప్పేశారు.

డేటాబేస్ అనే మాట కూడా నమ్మదగ్గది కాదు. నేను నేర్చుకున్న రోజుల్లో డీబేస్, ఫాక్స్‌ప్రోల్లో ఒక్క డీబీఎఫ్ ఫైలును, అంటే ఒక్క టేబుల్‌ను, డేటాబేస్ అనేవాళ్లం. పోస్ట్‌గ్రెస్‌లో ‘క్లస్టర్’ అని చదివి పది కంప్యూటర్లు ఊహించుకోకండి, ఒక సర్వర్ చూసుకునే డేటాబేస్‌లన్నీ కలిపి ఆ పేరు.

ఎవరైనా ఫోన్లో ‘స్కీమా తీసెయ్’ అంటే, ఏ ఫైలు, ఏ సర్వర్, ఏ పేరు అని మెసేజ్ పెట్టమనండి. చాదస్తం అనుకున్నా పర్వాలేదు.

అక్కా, నేను జిన్నింగ్ మిల్లులో డేటా ఎంట్రీ చేస్తా. ఈ సీజన్లో 290 పత్తి లోడ్లు వచ్చినయి. తేమ 12 శాతం వరకు ఉన్నవి ఎన్ని అంటే 212 చూపించింది. 12 దాటినవి ఎన్ని అంటే 61. మిగతా 17 ఏమైనట్టు? సార్ నన్ను అనుమానంగా చూస్తున్నడు.
— ఒక ఆపరేటర్, జమ్మికుంట

చెల్లె, ముందు టెన్షన్ తీసెయ్. నీ లోడ్లు ఎక్కడికీ పోలేదు. ఆ 17 లోడ్లకు తేమ కాలమ్ ఖాళీగా ఉండి ఉంటుంది. మీటర్ పనిచేయలేదో, హడావుడిలో కొట్టలేదో. ఆ ఖాళీ పేరే నల్. ‘తేమ ఈజ్ నల్’ అని క్వెరీ వేసి చూడు, 17 వస్తాయి.

నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరం కాదు. ‘తెలియదు’ అనో, ‘లేదు’ అనో, ‘ఇక్కడ వర్తించదు’ అనో. ఈ మూడింటిలో ఏదో కూడా అది చెప్పదు, దాని మీద నా ఫిర్యాదే అది. తెలియని తేమ 12 లోపేనా అని అడిగితే డేటాబేస్ అవుననదు, కాదనదు, ‘తెలియదు’ అంటుంది. క్వెరీలో షరతు రాసే వేర్ అనే గేటు దగ్గర అవును అన్నవాళ్లకే దారి. కాబట్టి ఆ 17 మొదటి క్వెరీలోనూ రావు, రెండోదానిలోనూ రావు. మనుషుల లెక్కలో 12 లోపు, 12 పైన కలిపితే మొత్తం రావాలి. ఇక్కడ మూడో గంప ఒకటుంటుంది.

సగటు దగ్గర ఇంకా జాగ్రత్త. నాలుగు లోడ్ల తేమ 8, 10, 12, నల్ అనుకో. సగటు అడిగితే 10 వస్తుంది, ఎందుకంటే నల్‌ను పక్కనపెట్టి మూడింటితోనే భాగిస్తుంది. ఖాళీ ఎందుకులే అని నువ్వు సున్నా కొట్టావనుకో, 30ని నాలుగుతో భాగించి 7.5 చూపిస్తుంది. 12 శాతం దాటితే సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదని తెలుసు కదా, అలాంటి చోట రెండున్నర శాతం తేడా అంటే చిన్నదా? తెలియనప్పుడు సున్నా కొట్టకు. అలా వదిలెయ్, తర్వాత వెతికి పట్టుకోవచ్చు. కొట్టిన సున్నాను ఎవడూ పట్టుకోలేడు.

మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఒక మాట చెప్పు: తేమ 12 దాటకూడదని చెక్ పెట్టినా నల్ దానిలోంచి దర్జాగా దూరిపోతుంది. వేర్ గేటు ‘తెలియదు’ను ఆపేస్తుంది, చెక్ గేటు అదే ‘తెలియదు’ను వదిలేస్తుంది. ఆపాలంటే ‘నాట్ నల్’ అని విడిగా రాయాల్సిందే. ఇంకోటి, ‘ఈ జాబితాలో లేనివి చూపించు’ అని నాట్ ఇన్ రాసినప్పుడు ఆ జాబితాలో ఒక్క నల్ ఉన్నా చాలు, ఒక్క వరుస కూడా రాదు. నేను ఒకసారి దీని మీద ఒక పూట పోగొట్టుకున్నాను. ఒరాకిల్‌లో అయితే ఒక్క అక్షరమూ లేని ఖాళీ మాట ఇచ్చినా నల్ కిందే జమకడుతుంది, మిగతావి అలా చేయవు.

సార్‌కు ఆ 17 లోడ్ల ప్రింటు తీసి చూపించు.

మేడమ్ గారూ, మాది పరకాల. మేం కొన్ని మండలాల్లో చేసిన సర్వే వివరాలు 2015 నుంచి ఒకే డేటాబేస్‌లో పెడుతున్నాం. జిల్లాల టేబుల్లో జిల్లా పేరునే ప్రైమరీ కీ చేశాం. ఇప్పుడు రిపోర్టులన్నీ కలగాపులగం అయ్యాయి. కీ అంటే అసలు ఏమిటి, ఏది పెట్టాలి?
— ఒక పాఠకుడు

మీ ఊరే దీనికి జవాబు సార్. పరకాల 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా. కొత్త జిల్లాలు వచ్చాక వరంగల్ రూరల్. 2021 ఆగస్టు నుంచి హనుమకొండ జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా పేరు రెండుసార్లు మారింది.

వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేర్లు మారాయి కదా, పాత పేర్ల మీద కొత్త పేర్లు అప్‌డేట్ కొట్టేస్తే సరిపోతుందని మీకెవరైనా సలహా ఇచ్చి ఉంటారు. సరిపోదు. పేర్లతో పాటు మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. మీ పరకాల, దామెర, నడికూడ హనుమకొండ వైపు వచ్చాయి; వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లా వైపు వెళ్లాయి. పైగా మీ టేబుల్లో 2015 నాటి ‘వరంగల్’ ఉంది, 2022 నాటి ‘వరంగల్’ ఉంది. పేరు ఒకటే, జిల్లాలు వేరు. మొదటిది ములుగు, జనగామ, మహబూబాబాద్‌లను కూడా కడుపులో పెట్టుకున్న పాత పెద్ద జిల్లా. కీ పని ‘ఇదే, మరొకటి కాదు’ అని చూపించడం. పేరు ఆ పని చేయలేకపోయింది. ఇక హనుమకొండ, హన్మకొండ, హనంకొండ అని మనవాళ్లు రాసే తీరు చూస్తే ఒకటే ఊరికి మూడు వరుసలు పడి ఉంటాయి, చూసుకోండి.

అర్థం లేని ఒక నంబర్‌ను కీగా పెట్టుకోండి. దాన్ని సరోగేట్ కీ అంటారు. పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనే తేదీలు మామూలు కాలమ్‌లు. మండలం ఏ జిల్లాలో ఉందో కూడా తేదీలతో వేరే టేబుల్లో పెట్టాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు కోడ్‌లు ఉన్నాయి, వాటినీ ఒక కాలమ్‌లో పెట్టుకుంటే బయటి లెక్కలతో సరిచూసుకోవడం తేలిక. అయితే నంబర్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పేరు, మొదలైన తేదీ కలిపి మళ్లీ రాకూడదని యూనిక్ నిబంధన కూడా పెట్టాలి. లేకపోతే 1 నంబర్‌తో ఒక హనుమకొండ, 2 నంబర్‌తో ఇంకో హనుమకొండ హాయిగా కాపురం పెడతాయి.

మార్కెట్ పనిలో నాకూ ఇదే అనుభవం. చపాట మిర్చిని కొందరు చపాట అని, కొందరు టమాటా మిర్చి అని రాయించేవాళ్లు. రకం పేరే కీ కావడంతో ఒకే సరుకు రెండు ఖాతాల్లో తేలింది. ఇప్పుడు వరంగల్ చపాటకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, 2025లో. దుకాణంలో మాత్రం ఇంకా రెండు పేర్లూ నడుస్తున్నాయి.

కీ అనే మాట సంగతి. మనకు కీ అంటే ఒకటి తాళంచెవి, రెండోది పరీక్ష తెల్లారి పేపర్లో వెతుక్కునేది. డేటాబేస్ కీ ఈ రెండూ కాదు, ఒక వరుసను గుర్తుపట్టే గుర్తు. గుర్తుగా పనికొచ్చేవన్నీ క్యాండిడేట్ కీలు. వాటిలో ఎన్నికైనది ప్రైమరీ. ఎలక్షన్ భాష అనుకుంటే మర్చిపోరు. ఫారిన్ కీ మాత్రం తానున్న టేబుల్లో ఎవరినీ గుర్తుపట్టదు, పక్క టేబుల్ కీని చూపించే వేలు. మైఎస్‌క్యూఎల్ అయితే ఇండెక్స్‌ను (తొందరగా వెతకడానికి పెట్టే సూచికను) కూడా కీ అంటుంది. టేబుల్ వివరాలు చూపించే డిస్క్రైబ్ కొడితే కీ అనే కాలమ్‌లో ఎంయూఎల్ అని కనబడితే అది గుర్తుపట్టే కీ అనుకోవద్దు. ఇండెక్స్ ఉంది, ఒకే విలువ చాలాసార్లు రావొచ్చు అని దాని అర్థం. ఇంకా, ఫారిన్ కీ పెడితే ఇండెక్స్ దానంతటదే వస్తుందనేది మైఎస్‌క్యూఎల్‌లో అలవాటైన నమ్మకం. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో రాదు, మీరే పెట్టుకోవాలి.

మేడమ్, కార్డినాలిటీ అంటే ఏమిటో మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా ఉంది.
— ఎంసీఏ విద్యార్థిని, హనుమకొండ

మూడూ రైటే బిడ్డా. కాడ్ దారిలో రాసిన పుస్తకంలో టేబుల్లో ఎన్ని వరుసలుంటే అది కార్డినాలిటీ (ఎన్ని కాలమ్‌లుంటే అది డిగ్రీ). డబ్బాల బొమ్మ గీసే పుస్తకంలో ఒకరికి ఒకరు, ఒకరికి అనేకులు అనే లెక్క. పనిచేసే చోట, ముఖ్యంగా మైఎస్‌క్యూఎల్‌లో ‘షో ఇండెక్స్’ కొట్టినప్పుడు, ఒక కాలమ్‌లో ఎన్ని వేరువేరు విలువలున్నాయో దాని అంచనా. స్త్రీ, పురుషుడు అనే కాలమ్‌కు తక్కువ, ఫోన్ నంబర్ కాలమ్‌కు ఎక్కువ. ప్రశ్న ఏ యూనిట్‌లో వచ్చిందో చూసి రాయి.

సెలెక్షన్ అంటే సెలెక్ట్ రాయడమే కదా? మార్కులు ఎందుకు కోశారు?
— డిగ్రీ విద్యార్థి, మహబూబాబాద్

కోయడం న్యాయమే. టేబుళ్ల మీద చేసే గణితం రిలేషనల్ ఆల్జీబ్రా, అందులో సెలెక్షన్ అంటే వరుసలను ఏరడం, ఎస్‌క్యూఎల్‌లో ఆ పని వేర్ చేస్తుంది. సెలెక్ట్ పక్కన కాలమ్‌ల పేర్లు రాస్తాం కదా, దాన్ని ఆల్జీబ్రాలో ప్రొజెక్షన్ అంటారు. పేరు పెట్టినవాళ్లు కొంచెం ఆలోచించాల్సింది.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోయాను. కన్సిస్టెన్సీ గురించి అడిగితే ‘నిబంధనలు తప్పకుండా ఉండటం’ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను చెప్పింది తప్పా?
— ఒక నిరుద్యోగి, కరీంనగర్

తప్పు కాదు తమ్ముడూ, వాళ్లడిగింది వేరే కన్సిస్టెన్సీ. నువ్వు చెప్పింది యాసిడ్‌లోది, లావాదేవీకి ఉండాల్సిన నాలుగు గుణాల మొదటి అక్షరాలు కలిపిన పేరు అది. 1983లో హేర్డర్, రాయిటర్ అనే ఇద్దరు ఆ నాలుగక్షరాల పేరు పెట్టారు. అక్కడ సి అంటే లావాదేవీ మొదలు కాకముందు డేటా నిబంధనలకు లోబడి ఉంటే, ముగిశాక కూడా లోబడే ఉండాలని. క్యాప్ సిద్ధాంతంలోని సి వేరు. 2000లో ఎరిక్ బ్రూవర్ చెప్పింది, 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించింది అది. ఒకే డేటా రెండు సర్వర్లలో ఉన్నప్పుడు ఎక్కడ చదివినా చివరగా రాసిందే కనబడాలి అని ఈ సి అర్థం. రెండింటి మధ్య లైను తెగినప్పుడు పాత విలువైనా సరే జవాబు చెప్పాలా, లేక చెప్పనని మొండికేయాలా? క్యాప్ అడిగేది ఇదే. ఈసారి అడిగితే ‘ఏ సి మేడమ్, యాసిడ్‌దా, క్యాప్‌దా?’ అని ఎదురడుగు. నేను ఇంటర్వ్యూ చేస్తుంటే ఆ ఒక్క ప్రశ్నకే మార్కులు వేస్తాను.

ఎస్‌క్యూఎల్ అనాలా, సీక్వెల్ అనాలా? మా ఆఫీసులో రోజూ ఇదే లొల్లి.
— ఒక పాఠకురాలు, మంచిర్యాల

మొదట పెట్టిన పేరు సీక్వెలే. 1974లో ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పేరుతోనే భాషను బయటపెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక బ్రిటిష్ విమానాల కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో మధ్య అచ్చులు తీసేసి ఎస్‌క్యూఎల్ చేశారు. ప్రమాణం వాళ్లు అక్షరాలు విడివిడిగా పలకమంటారు, పాతవాళ్లు సీక్వెల్ అంటారు. నేను తెలుగులో మాట్లాడేటప్పుడు ఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ వాళ్లతో మాట్లాడేటప్పుడు సీక్వెల్ సర్వర్. మైఎస్‌క్యూఎల్‌లో ‘మై’ అంటే ‘నాది’ అని మా విద్యార్థులు చాలామంది అనుకుంటారు. దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన మాంటీ విడేనియస్ పెద్ద కూతురి పేరు అది. మరియాడీబీలోని మరియా చిన్న కూతురు.